రంగు కన్నా ముందు బ్రేకు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, గూడెం కొత్తవీధి)

పాత మిలటరీ జీపుకో, లారీకో మళ్ళీ ప్రాణం పోస్తామని బయల్దేరే ఔత్సాహికులు మొట్టమొదట కొనేది రంగు డబ్బా. పైకి నిగనిగలాడితే బండి బాగుపడినట్టేనా? బండిని ఆపగలగడం మొదటి ధర్మం, రంగు చివరి ముచ్చట అని నా అభిప్రాయం.

మాది కొండమీద వ్యవసాయ కుటుంబం. కాఫీ, మిరియాలు పండిస్తాం. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి మీదుగా మా వూరికి ఎక్కే దారిలో బండి విలువ ఏమిటో కొండవాళ్ళకు బాగా తెలుసు. ఆ దారులు వూరికే పడలేదు. రోడ్డుపనుల్లో గిరిజనుల చేత వెట్టి చేయించడం 1922 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటానికి ఒక ముఖ్య కారణం. తర్వాతి కాలంలో ఏజెన్సీ సంతలకు జనాన్నీ, బస్తాలనూ మోసినవి జీపులు.

ఆ జీపు పుట్టింది యుద్ధంలో. 1941–45 మధ్య విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. మన దేశంలో మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. జబల్పూరులో జర్మనీ మేన్ కంపెనీ లైసెన్సుతో సైన్యానికి శక్తిమాన్ లారీలు తయారయ్యాయి.

ఇక అసలు సంగతి. యుద్ధకాలపు జీపులో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే మాస్టర్ సిలిండరు, అన్నిటినీ కలిపే ఒకటే గొట్టాల వరస. ఒక్కచోట పైపు పగిలిందా, నాలుగూ పోతాయి. కాబట్టి పాత రబ్బరు గొట్టాలు చూడ్డానికి బాగానే వున్నా మార్చెయ్యాల్సిందే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అందులో ఆవిరి బుడగలు పుడితే పెడలు నేలకంటుతుంది, బండి మాత్రం ఆగదు.

మన ఫిజిక్సు లెక్క ఒకటి వేద్దాం. జనంతో, బస్తాలతో 2000 కిలోలున్న జీపు 500 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 98 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడో ఖర్చు కావాలి. 30 డిగ్రీల దగ్గరున్న 33 లీటర్ల నీళ్ళు మరిగే దాకా కాచడానికి అది చాలు! గేరు వదిలేసి దిగితే ఆ వేడిలో అధికభాగం బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది. “ఎక్కిన గేరులోనే దిగు” అనే డ్రైవరు మాటలో యింత శాస్త్రం వుంది.

మరికొన్ని జాగ్రత్తలు. జాకీ ఒక్కటే ఆధారంగా నిలబెట్టిన బండి కిందికి దూరకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాలి. రింగు బిగింపు వున్న లారీ చక్రాన్ని విప్పేముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి, లేకపోతే ఆ యినప రింగు తుపాకీ గుండులా ఎగురుతుంది. ఖాళీ పెట్రోలు ట్యాంకుకు వెల్డింగు చెయ్యబోతే లోపలి ఆవిరి పేలుతుంది. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వుంటుంది కనుక ఆ దుమ్మును గాలితో వూదకుండా తడిగుడ్డతో తుడవాలి. బిగుసుకుపోయిన ఇంజన్ను తాడు కట్టి లాగరాదు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో నూనె పోసి, కొన్నాళ్ళు ఆగి చేత్తో తిప్పి చూడాలి. విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫోటో తీసి, చీటీ కట్టాలి. పాత నెంబర్లను గీకెయ్యొద్దు, బండి చరిత్ర అందులోనే వుంది.

అన్నట్టు, అందరూ మోజుపడే ఆ మిలటరీ ఆకుపచ్చ రంగును రక్షణశాఖవి కాని వాహనాలకు వెయ్యరాదని 1989 మోటారు వాహనాల నియమాల్లోనే వుంది!

“మన్యంలో రోగిని యింకా డోలీలో మోస్తూంటే పాత ఇనుముకు డబ్బు తగలేస్తారా?” అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోడ్డు, అంబులెన్సు ముందు రావాలి. అయితే ఆ అంబులెన్సు బ్రేకు చెడితే కొండమీద బాగుచేసే చెయ్యి కావాలి కదా? ఆ చెయ్యి పుస్తకంతో తయారుకాదు. పాత బండిలో ఏ భాగం ఏం చేస్తుందో కళ్ళకు కనిపిస్తుంది, వేళ్ళకు అందుతుంది. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి ఏముంది?

విశాఖ బీచిలో కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి, టి.యు.142 విమానం 2017 నుంచి మ్యూజియాలుగా వున్నాయి. సముద్రంలో తిరిగినదాన్నీ, ఆకాశంలో ఎగిరినదాన్నీ దాచుకున్నాం. మరి మట్టిలో నడిచినదాని మాటేమిటి? మన కాలేజీ ఒక పాత జీపును సంపాదించాలి. చదువు లేకపోయినా చప్పుడు విని జబ్బు చెప్పగల ముసలి మెకానిక్కును గౌరవంగా పిలిచి, గౌరవ వేతనమిచ్చి గురువుగా నిలబెట్టాలి. ఆయన తరం వెళ్ళిపోయాక ఆ విద్యను ఏ వేలంపాటలోనూ కొనలేం.

మిత్రులారా, చేతులకు గ్రీజు అంటితే డిగ్రీకి మచ్చ రాదు. స్పానరు పట్టండి. రంగు సంగతి తర్వాత చూసుకుందాం!