తొందరపడని బ్యాకు

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ పేరు, వంకీకర్ర, ఎండలో మెరిసే మైదానం మనసులో మెదులుతాయి. అదే మాట కెనడాలో అంటే మంచు తప్ప మరొకటి తోచదు. 200 అడుగుల పొడవూ 85 అడుగుల వెడల్పూ గల మంచు గచ్చు మీద, కాళ్ళకు పదునైన స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు అంగుళం మందం వున్న రబ్బరు బిళ్ళ కోసం పోట్లాడుకునే ఆట అది. గోలు కాసేవాడు ఒకడు, ముందు వరసలో ముగ్గురు, వెనక యిద్దరు. ఆ వెనక యిద్దరినీ మన మైదానం లెక్కలో బ్యాకులనుకోవచ్చు.

ఈ బ్యాకు పని పైకి కనపడేదాని కన్న కష్టం. ముందుకు దూసుకువస్తున్న ప్రత్యర్థికి ముఖం చూపిస్తూ, తాను మాత్రం వెనక్కు వెనక్కు జారుతూ, వాడు యెటు తిరుగుతాడో కనిపెట్టి గోడవైపు నెట్టాలి. మరీ దగ్గరికి పోతే పక్కనుంచి తప్పించుకుపోతాడు. మరీ దూరంగా వుంటే నింపాదిగా గురిచూసి కొడతాడు. బిళ్ళ తమ మూలకు వచ్చి పడితే, వీపు వెనక యెవరు వస్తున్నారో భుజం మీదుగా ఒక్కసారి చూసుకుని, దాన్ని అందుకునే లోపలే యెవరికి అందించాలో తేల్చుకోవాలి. ముందు వరసవాడు పొరపాటు చేస్తే సర్దడానికి వెనక మనుషులున్నారు. బ్యాకు పొరపాటు చేస్తే వెనక వున్నది గోల్‌కీపరొక్కడే. అందుకే ముందు వరస కుర్రవాళ్ళు 18 ఏళ్ళకే రాణించినా, బ్యాకు చేయి తిరగడానికి మరి కొన్నేళ్ళు పడుతుందని ఆ ఆట తెలిసినవాళ్ళంటారు.

కేల్ మకార్ సంగతి చెప్పుకోవలసింది యిక్కడే. 1998లో కెనడాలోని కాల్గరీ నగరంలో పుట్టాడు. పెద్దయ్యాక కూడా ఆరడుగులు నిండని మనిషి. బ్యాకులంటే కొండల్లా వుండాలనుకునే ఆటలో అది చిన్న లోటు కాదు.

కెనడాలో 16 ఏళ్ళ కుర్రవాడి ముందు రెండు దారులుంటాయి. ఒకటి మేజర్ జూనియర్ పోటీలు. యేడాదికి 68 ఆటలు, బస్సుల్లో తిరుగుడు, కొద్దిపాటి చేతి ఖర్చు. పెద్ద జట్లవాళ్ళ కళ్ళు యెప్పుడూ అక్కడే వుంటాయి. రెండోది అమెరికాలో కాలేజీ చదువు చదువుతూ ఆడటం. చిక్కేమంటే, 2025 దాకా మొదటి దారిలో కాలు పెట్టినవాడికి రెండోదాని తలుపు మూసుకుపోయేది. ఆ కాస్త చేతి ఖర్చునూ జీతం కింద జమకట్టేవారు! 2025 ఆగస్టులో ఆ నిబంధన సడలింది గాని, మకార్ నాటికి అది యినుప గొలుసే. పదోతరగతి కాగానే యే గ్రూపు తీసుకోవాలా అని మన యిళ్ళలో రాత్రిళ్ళు జరిగే చర్చ గుర్తుకు రావడం లేదూ?

మకార్ కాలేజీ తలుపు తెరిచే వుంచుకున్నాడు. ఆల్బర్టాలోనే బ్రూక్స్ అనే చిన్న పట్నం జట్టులో, అంతగా పేరులేని పోటీల్లో ఆడాడు. అక్కడ ఆడుతున్నవాణ్ణి కూడా 2017లో కొలరాడో ఎవలాంచ్ జట్టు దేశదేశాల కుర్రవాళ్ళలో నాలుగోవాడుగా యెంచుకుంది. యెంచుకున్నంత మాత్రాన వెంటనే వెళ్ళి చేరనక్కరలేదు. మకార్ ఆ శరత్తులో ఆమ్హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ జట్టు మాత్రం యేమంత గొప్పది? అంతకు ముందు యేడాది ఆడిన 36 ఆటల్లో 29 ఓడిపోయింది, గెలిచింది అయిదే.

కాలేజీ ఆటలో ఒక సుగుణం వుంది. పోటీలు చాలావరకు శుక్ర, శనివారాల్లోనే. యేడాదికి సుమారు 40. తక్కిన రోజులన్నీ సాధనకూ, కండ పెంచుకోవడానికీ, తరగతులకూ. పైగా ఎదురుగా వచ్చేవాళ్ళలో 22, 23 ఏళ్ళ బలిష్ఠులుంటారు. ఇంకా యెదుగుతున్న బ్యాకుకు యింతకన్న మంచి పాఠశాల దొరకదని నా అభిప్రాయం. వారానికి నాలుగు ఆటలాడేవాడికి తప్పు దిద్దుకునే తీరిక యెక్కడిది?

మొదటి యేడాది మకార్ 34 ఆటల్లో 21 పాయింట్లు సంపాదించాడు. గోలు కొట్టినా, గోలుకు సాయపడినా పాయింటే. మంచి లెక్కే గాని, అద్భుతమేమీ కాదు. 2018 వేసవిలో యిక పెద్ద జట్టుకు వెళ్ళిపోతాడని చాలామంది అనుకున్నారు. మళ్ళీ పుస్తకాలు పట్టుకుని ఆమ్హర్స్ట్‌కే వెళ్ళాడు. ఆ రెండో యేడాది 41 ఆటల్లో 49 పాయింట్లు! గ్రెగ్ కార్వెల్ శిక్షణలో ఆ జట్టు 31 ఆటలు గెలిచి, తన చరిత్రలో మొదటిసారి తుదిపోటీకి చేరింది.

2019 ఏప్రిల్ 12న దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడిగా హోబీ బేకర్ బహుమానం అందుకున్నాడు. 13న బఫెలోలో జరిగిన తుదిపోటీలో మిన్నెసోటా-డులూత్ చేతిలో అతని జట్టు 3-0తో ఓడింది. 14న కొలరాడోతో ఒప్పందం. 15న డెన్వర్‌లో, వేలమంది యెదుట, తొలి ఆటలోనే గోలు కొట్టాడు. అదీ సొంత వూరు కాల్గరీ జట్టు మీద! ప్లేఆఫ్‌లలో తొలి ఆట ఆడుతూ గోలు కొట్టిన బ్యాకు అంతకుముందు ఆ లీగులో లేడు.

తరువాతి కథ తొందరగా చెప్పేయవచ్చు. 2020లో ఉత్తమ కొత్త ఆటగాడు. 2022లో స్టాన్లీ కప్పు, దాంతోపాటు ఉత్తమ బ్యాకుకిచ్చే నారిస్, ప్లేఆఫ్‌లలో ఉత్తముడికిచ్చే కాన్ స్మైత్. ఈ రెండూ ఒకే యేడాది అందుకున్న బ్యాకులు అంతకుముందు బాబీ ఓర్, లిడ్‌స్ట్రోమ్ మాత్రమే. 2025లో మరోసారి నారిస్.

బాబీ ఓర్ 18 ఏళ్ళకే పెద్ద జట్టులో చేరి ఆటనే మార్చేశాడు కదా అని యెవరైనా అడగవచ్చు. నిజమే. అటువంటివాడు యే తరానికో ఒకడు. అతని మోకాళ్ళు 30 యేళ్ళకే ఆటకు సెలవిప్పించాయి కూడా.

మకార్ నాలుగేళ్ళ చదువూ పూర్తిచేయలేదు, రెండేళ్ళకే వెళ్ళాడు. అది తలిదండ్రులకు రుచించని మాటే. అతను వదిలి వెళ్ళిన జట్టు మాత్రం కుంగిపోలేదు. 2021 ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో సెయింట్ క్లౌడ్ స్టేట్‌ను 5-0తో ఓడించి, కళాశాలల కప్పును మొదటిసారి ఆమ్హర్స్ట్‌కు తెచ్చుకుంది.