వగరెంత? పులుపెంత?

వైన్ గురించి మన పేజీలోనా అని ముక్కున వేలేసుకోకండి! ఇటలీలో చాలా ఇళ్లల్లో భోజనాల బల్ల మీద నీళ్ల సీసా పక్కనే ఎర్ర వైన్ సీసా కూడా పెడతారు. పిల్లల్ని చూడ్డానికి ఆ దేశం వెళ్లే తల్లులు ఇప్పుడు మనలోనూ ఉన్నారు కదా. మా అమ్మాయి టురిన్‌లో చదువుకుంటోంది, నేనూ రెండు నెలలు ఉండొచ్చాను. వద్దనుకుంటే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టండి, చాలు. రుచి చూడాలనుకుంటే మాత్రం, వంటింట్లో ఇన్నేళ్లు తిరగమోతలు పెట్టిన మనకి కొత్తగా నేర్పేవాళ్లు అక్కర్లేదు.

వాళ్లు టానిన్ అని పెద్ద పేరు పెట్టి చెప్పేది మన వగరే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వస్తుంది. నేరేడు పళ్లు తిన్నాక, మరీ మరిగిన టీ తాగాక నాలుక పట్టేసినట్టుంటుందే, అదన్నమాట. ఒక్క గుక్క నోట్లో కాసేపు ఉంచి చూడండి. చిగుళ్లు ఆరిపోయినట్టుంటే వగరు, నోరూరితే పులుపు. వైన్ రుచి చెప్పడమే వృత్తిగా ఉన్నవాళ్లయితే మింగరు కూడా, ఉమ్మేస్తారు.

టురిన్ ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతంలో బరోలోకి మహా పేరు. మూడేళ్లకి పైగా నిల్వ ఉంచాకే అమ్మాలట. ఖరీదూ ఎక్కువే, వగరూ ఎక్కువే, కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే నయం. మామూలు రోజుల్లో తాగేవి డోల్చెట్టో, బార్బెరా. డోల్చెట్టో అంటే 'చిన్ని తియ్యనిది' అని అర్థం. పేరు చూసి మోసపోయేరు, తీపి ఉండదు! పులుపు తక్కువ, కాస్త వగరు, చివర్లో బాదంపప్పు చేదు. బార్బెరాలో వగరు తక్కువ, పులుపు ఎక్కువ. నా ఓటు దానికే. టమాటా సాస్ వేసిన పాస్తా పక్కన పులుపు లేని వైన్ పెడితే చప్పగా తేలిపోతుంది. బార్బెరా అయితే నిలబడుతుంది. పులుసు తినే ఇళ్లల్లో ఇది విడమరిచి చెప్పాలా!

బార్బెరా పేరుకి ఒక మచ్చ కూడా ఉందండోయ్. 1986లో ఆ పేరుతోనూ అమ్మిన చవక వైన్‌లో మిథనాల్ కలిపితే 20 మందికి పైగా చనిపోయారు. కల్తీ సారా చావులు మనకి తెలియనివా? మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది మా వైపే. అందుకే ఇది తాగుడు కాదు, రుచి మాత్రమే అని నేను వాదించను. అందులో ఉన్నదీ ఆల్కహాలే, నూటికి 12 నుంచి 14 పాళ్లు. ఎర్ర వైన్ గుండెకి మంచిదటోయ్ అని మావారు ఫోన్‌లో అననే అన్నారు. ఇంత తాగితే ఫర్వాలేదు అనే మోతాదే లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని వినిపించాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు! గర్భిణులు, మందులు వాడేవాళ్లు, బండి నడపాల్సినవాళ్లు గుక్క కూడా వద్దు.

ఎండాకాలమైతే సీసాని ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే రుచి బాగా తెలుస్తుంది. మన కారాలతో మాత్రం కలపకండి, ఆల్కహాల్ తగిలితే మంట ఇంకా రేగుతుంది. ఓ రాత్రి మా అమ్మాయి ఆవకాయన్నం, బార్బెరా రెండూ పక్కపక్కన పెట్టి ఏది కావాలమ్మా అంది. నేను అన్నం గిన్నె దగ్గరికి లాక్కున్నాను.