మన ఊళ్ళో తయారైన బుల్లి కెమెరా

పిల్లలూ, ముందుగా మీకో పొడుపుకథ. ఆలోచన పుట్టింది జర్మనీలో, ఒళ్ళు తయారైంది సింగపూర్‌లో. ఉన్నది ఒకే ఒక్క కన్ను. పని లేనప్పుడు అదీ లోపలికి ముడుచుకుంటుంది. ఏమిటది?

తాబేలు కాదండోయ్! రోలై 35 అనే ఫిల్ము కెమెరా.

ఈ మధ్య మన యువతకు ఫిల్ము కెమెరాల మీద మళ్ళీ మోజు పుట్టింది. 2024లో పెంటాక్స్ వాళ్ళు ‘పెంటాక్స్ 17’ పేరుతో సరికొత్త ఫిల్ము కెమెరాను విడుదల చేశారు. అదే ఏడాది హాంకాంగ్‌కు చెందిన మింట్ సంస్థ మన కథానాయకుడి పోలికలతోనే ‘రోలై 35 ఏఎఫ్’ను తెచ్చింది. ఫోనులో వేల ఫోటోలు ఊరికే తీసుకునే ఈ రోజుల్లో, డబ్బు పెట్టి 36 ఫోటోల రీలు కొనడమేమిటని పెద్దవాళ్ళం నవ్వుకుంటాం. కానీ ఈ కెమెరా కథ సింగపూర్‌లో ఉంటున్న మనందరికీ తెలియాల్సిందే.

దీన్ని రూపొందించినవారు హైంజ్ వాస్కె అనే జర్మన్ ఇంజనీరు. తన ఖాళీ సమయంలో సొంతంగా నమూనా తయారు చేసుకున్నారు. ఆయన పనిచేస్తున్న కంపెనీ కెమెరాల వ్యాపారం మానుకోబోతుండడంతో, 1965లో రోలై సంస్థలో చేరారు. 1966లో కొలోన్ నగరంలో జరిగిన ఫోటోకినా ప్రదర్శనలో ఈ కెమెరా లోకానికి కనిపించింది. పొడవు పది సెంటీమీటర్లు కూడా లేదు. మామూలు 35 మిల్లీమీటర్ల రీలు వేసుకుని, పూర్తి సైజు ఫోటోలు తీసే కెమెరా అంత చిన్నగా ఉండడం అప్పట్లో పెద్ద విశేషం!

మరి సింగపూర్‌కు ఎలా వచ్చింది? 1965లో స్వతంత్ర దేశమైన సింగపూర్‌కు అప్పుడు కావలసింది ఉద్యోగాలు. బ్రిటిష్ సైన్యం 1971 నాటికి వెళ్ళిపోతుందని తేలడంతో ఆ అవసరం ఇంకా పెరిగింది. అటు జర్మనీలో కూలి ఖర్చులు పెరిగిపోతున్నాయి. అలా 1970ల మొదట్లో రోలై ఇక్కడ ఫ్యాక్టరీలు పెట్టింది. వేలమందికి పని దొరికింది. ఇక్కడి యువతకు సూక్ష్మమైన పనులు నేర్పడానికి ప్రభుత్వం కంపెనీలతో కలిసి శిక్షణ కేంద్రాలు తెరిచింది. 1972లో మొదటిది మన టాటా వారితో, తర్వాత 1973లో రోలైతో. చూశారా, ఆ కథలో మన దేశం పేరు కూడా ఉంది!

అయితే కథ సుఖాంతం కాలేదు. జపాన్ కెమెరాల పోటీకి తట్టుకోలేక రోలై దివాలా తీసింది. 1981లో ఇక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పనిచేస్తున్నవారు రోడ్డున పడ్డారు. కంపెనీ ఎంత పెద్దదైనా శాశ్వతం కాదు. చేతికి వచ్చిన పని మాత్రం ఎవరూ తీసుకుపోలేరు. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటున్న మనకు ఈ మాట వేరే చెప్పాలా?

ఇప్పుడు నన్ను ఆలోచింపజేసిన సంగతి చెబుతాను. సిటీ హాల్ దగ్గర పాత కెమెరాలు అమ్మే ఓ కొట్లో ఈ కెమెరాలు రెండు చూశాను. ఒకదాని మీద జర్మనీ పేరు, రెండోదాని మీద సింగపూర్ పేరు. జర్మనీదానికి ధర ఎక్కువ. “రెండింటికీ తేడా ఏమిటండీ?” అని అడిగితే, కొట్టాయన నవ్వి “అక్షరాలే!” అన్నాడు. సేకరించేవాళ్ళు ఆ అక్షరాలకే విలువ కడతారట. నేను సింగపూర్‌దే కొన్నాను. చవక అని మాత్రం కాదు. మన పిల్లలు కూడా అలాంటివాళ్ళే కదా! మూలం ఒకచోట, పెరిగింది ఇంకోచోట. అంతమాత్రాన వాళ్ళలో ఏం తక్కువ?

ఇక వాడకం. ఇందులో ఫోకస్ దానంతటది కుదరదు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నారో మనమే అంచనా వేసి, లెన్సు చుట్టూ ఉన్న అంకెల్లో పెట్టాలి. ఇదొక మంచి ఆట! మీ బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో ఒక స్తంభాన్ని చూసి “మూడు మీటర్లు” అనండి. తర్వాత టేపుతో కొలవండి. టేపు లేకపోతే అమ్మమ్మ పూలదండ కొలిచినట్టు మూరలు వేయండి. సుమారు ఆరేడు మూరలైతే మీరు గెలిచినట్టే!

వెలుతురుకూ ఒక చిట్కా ఉంది. ఎండ బాగా కాస్తున్నప్పుడు 100 ఐఎస్ఓ రీలుకు లెన్సు రంధ్రం 16 దగ్గర, వేగం సెకనులో 125వ వంతు పెట్టండి. దూరం మూడు మీటర్లకు తిప్పండి. ఇక రెండు మీటర్ల నుంచి చాలా దూరం వరకు అన్నీ స్పష్టంగా పడతాయి. ఇందులోని లైట్ మీటరుకు వాడే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. బెంగ వద్దు, బ్యాటరీ లేకపోయినా ఫోటో పడుతుంది. ఒక్క జాగ్రత్త: రీలు ముందుకు తిప్పాకే లెన్సును లోపలికి పంపాలి. మొండిగా నెడితే పాడవుతుంది.

సెలవులకు ఇండియా వెళ్ళేటప్పుడు రీళ్ళను చేతి సంచిలోనే పెట్టుకోండి. విమానాశ్రయాల్లోని కొత్త సీటీ స్కానర్లు ఫిల్మును పాడుచేస్తాయి కాబట్టి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. ఇంట్లోనేమో ఇక్కడి తేమకు లెన్సులకూ నెగటివ్‌లకూ బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి.

సింగపూర్ తెలుగు సమాజం మొదలైంది 1975లో. సరిగ్గా అప్పుడే ఈ ఊళ్ళో ఈ బుల్లి కెమెరాలు తయారవుతున్నాయి. ఆ తొలినాళ్ళ ఉగాదులు, పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు అన్నీ ఫిల్ము మీదే ఉంటాయి. మీ బీరువాల్లో ఆనాటి నెగటివ్‌లు ఉంటే, బూజు తినకముందే స్కాన్ చేయించండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరో చెప్పండి. పేర్లు తెలిసినవాళ్ళు ఉండగానే వెనకాల రాసి పెట్టండి.

అన్నట్టు, మీలో గానీ మీ ఇరుగుపొరుగులో గానీ ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దలుంటే మాకు రాయండి. వాళ్ళ కథ వినాలని ఉంది. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం!