ఫ్యాన్‌కు పర్మిషన్ అక్కర్లేదు సరే, గాలి ఎటు పోతుంది?

"ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు కూడా పర్మిషనేంటండీ? గోడకు కన్నం కొట్టించి బిగించుకుంటే సరిపోతుంది." బెజవాడలో ఫ్లాట్ కొనబోయేవాళ్లకు బిల్డర్ చెప్పేదీ ఇదే, మేస్త్రీ చెప్పేదీ ఇదే. సరిపోదు.

పర్మిషన్ అక్కర్లేదన్నది నిజమే. వెంటిలేటర్ తెరవడం, మూయడం లాంటి చిన్న మార్పులకు పర్మిట్ అవసరం లేదని నేషనల్ బిల్డింగ్ కోడే అంటుంది. అది న్యాయం. జానెడు కన్నం కోసం మనిషిని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిప్పకూడదు. కానీ అదే కోడ్‌లో ఉన్న ఇంకో మాటను ఎవరూ ఎత్తరు. వంటింటికి కనీసం ఒక చదరపు మీటరు కిటికీ ఉండాలి. అది ఆరుబయటికి తెరుచుకోవాలి, ఫ్లాట్ల మధ్య నిలువుగా వదిలే డక్ట్‌లోకి కాదు. బాత్‌రూముల డక్ట్ అయినా, 18 మీటర్ల భవనంలో 4 చదరపు మీటర్లుండాలి, వెడల్పు మీటరున్నరకు తగ్గకూడదు.

సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్ల డక్ట్‌లో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. కింది మూడు వంటిళ్ల ఫ్యాన్లూ అందులోకే. కింద ఎండుమిర్చి తిరగమోత పడితే పిన్ని దగ్గుతుంది. ఆవిడ ఫ్యాన్ వేస్తే పైవాళ్లు కిటికీ మూసుకుంటారు. ఏసీ కోసం తలుపులన్నీ బిగించిన రోజున ఫ్యాన్ తిరుగుతుందే గానీ పొగ కదలదు. బయటికి పోయినంత గాలి లోపలికీ రావాలి కదా! సాయంత్రం పైరగాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూసుకుని వాకిలి పెట్టిన డెల్టా పల్లెల్లో ఈ సంగతి చదువురాని తాపీమేస్త్రీకి కూడా తెలుసు.

ఇలా నిబంధనలు మీరి కట్టినవాళ్లను అడిగితే, "పెనాల్టీ కట్టేశాం, రెగ్యులరైజ్ అయింది" అంటారు. 2007 చివర్లో 901 జీవోతో ఒకసారి, 2015లో, 2019లో మళ్లీ పెనలైజేషన్ స్కీములు వచ్చాయి. డబ్బు కట్టినవాళ్ల చేతికి కాగితం వచ్చింది. భవనం చుట్టూ వదలకుండా మింగేసిన ఖాళీ, అదే సెట్‌బ్యాక్, మాత్రం అంగుళం తిరిగి రాలేదు.

"నా గోడ, నా ఇష్టం" అన్న వాదన కూడా నిలవదు. పక్కింటివాళ్లు ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా అనుభవించిన గాలీ వెలుతురూ వాళ్ల హక్కుగా మారతాయని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టమే గుర్తించింది.

మున్సిపల్ అధికారులు ఫ్యాన్‌కు అనుమతి అడగొద్దు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు టేపు పట్టి డక్ట్ కొలవండి, సెట్‌బ్యాక్ కొలవండి. ఫ్లాట్ కొనేవాళ్లు కూడా, వాస్తు సంగతి తర్వాత, ముందు వంటింటి కిటికీ తీసి ఆకాశం కనిపిస్తుందో లేదో చూడండి.