తామర అనే ఒక్క మాట

కొలనులో పూసే పువ్వుకూ, ఒంటిమీద లేచే చర్మవ్యాధికీ తామర అనే ఒక్క మాటనే వాడుకుంటున్న మన తెలుగువారు, ఆ వ్యాధి పేరు క్రింద మళ్ళీ రెండు వేర్వేరు రోగాలను కలిపివేయడంవల్ల ఎన్ని చిక్కులు కొనితెచ్చుకుంటున్నారో తలచుకుంటే నాకు చాలా కష్టంగా ఉంటుందండీ.

మొన్న మా అన్నగారి అమ్మాయి నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని వచ్చి, "బాబాయ్, వీడు రాత్రంతా గోక్కుంటూనే ఉన్నాడు, ఈ లోషను రాయనా, మాననా?" అని కూలబడ్డది. వాడి మోచేతి మడతలయందు చర్మం ఎర్రబారి, గరుకుదేరి, గోటిచారల కొసన నెత్తురుచుక్కలు సన్నగా పెచ్చుగట్టి ఉన్నవి. అది ఎగ్జిమా, ఒకరినుండి మరొకరికి అంటుకునేది కాదు. దానికై వైద్యులు వ్రాసియిచ్చిన స్టిరాయిడ్ లోషనునే, నడుముమీద గుండ్రని మచ్చ లేచిన మా అల్లుడుగారు "ఇదీ తామరేగా" అని తానూ రాసుకున్నారట! ఆయనది ఫంగస్ వల్ల వచ్చినది, అంటుకునేది. స్టిరాయిడ్ చర్మంలోని వాపునూ ఎరుపునూ అణచును. ఎగ్జిమాకు కావలసినది అదే. ఫంగస్ విషయంలోనైతే, దానిని ఎదిరిస్తున్న శరీరరక్షణనే అణచివేయడంచేత, దురద నాలుగు రోజులు తగ్గినట్లే ఉండి, అంచులు చెరిగిపోయి, మచ్చ గుట్టుగా పాకిపోవును.

ఈ మాట విన్నంతనే అమ్మాయి సీసా పారవేయబోయింది. "ఆగవే తల్లీ, భయపడి అరకొరగా రాసినా పిల్లవాడికి కష్టమే" అన్నాను. స్నానం కాగానే తడి ఆరకముందే తేమనిచ్చే లేపనం పట్టించి, అరగంట తాళి, వైద్యులు చూపిన చోటనే, చెప్పినన్నాళ్ళే, పలుచగా లోషను రాసి చేతులు కడుక్కోవాలి. గొట్టంలోని మందైతే, పెద్దవారి చూపుడువేలి కొసనుండి మొదటి గీతవరకు పిండినది సుమారు అర గ్రాము. వేళ్ళతో సహా రెండు అరచేతులంత మేరకు అది చాలును. తలలోనైతే జుట్టు పాయలు తీసి చర్మంమీదనే చుక్కలు వేయాలి.

అన్ని స్టిరాయిడ్లూ ఒకటి కావు. హైడ్రోకార్టిసోన్ మృదువైనది, క్లోబెటసాల్ అతి తీవ్రమైనది. ఆ తీవ్రమైనదానిని తెల్లబడతామనే ఆశతో నెలల తరబడి ముఖానికి రాసుకుని, చర్మం పలుచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలతో ఎండలోకి రాలేక ఏడ్చే ఆడపిల్లలను చూచినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది. 2018లో కేంద్రప్రభుత్వం 14 స్టిరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్నది. అయినను "అదే ఇవ్వండి" అంటే చాలు, ఇచ్చే దుకాణాలు నేటికీ ఉన్నవి.

అల్లుడుగారి మచ్చమీది పొట్టు గీకి సూక్ష్మదర్శినిలో చూచిన వైద్యులు వేరే మందు వ్రాశారు. అమ్మాయి లోషను సీసాకు కాగితం అంటించి, పిల్లవాని పేరూ, మొదలుపెట్టిన తేదీ, ఆపవలసిన తేదీ వ్రాసి పై అరలో పెట్టింది. ఆయన గొట్టం క్రింది అరలో ఉన్నది.