కూతురి వాటా ఏ కులాల ఇళ్లలో?

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కొడుకుతో సమానంగా జన్మహక్కు కల్పించే చట్టాన్ని ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. కేంద్రం ఆ పని చేయడానికి 2005 దాకా పట్టింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను వదిలేయడం రాష్ట్ర చట్టంలోని లోపమని అందరూ గుర్తించారు. పంచుకోవడానికి భూమి ఏ కులాల ఇళ్లలో ఉన్నదన్న ప్రశ్న మాత్రం చర్చకు రాలేదు.

బాపులపాడు ప్రాంతపు మామిడి తోటలనే తీసుకుందాం. కట్నం ఇచ్చామన్న సాకుతో యజమాని కూతురి చేత హక్కు వదులుకున్నట్లు రాయించుకోవచ్చు. అయినా కోర్టుకెక్కడానికి ఆమెకు చట్టం ఉంది. అదే తోటలో కాయలు ఏరే దళిత స్త్రీ, అన్నదమ్ములకే లేని భూమిలో ఏ వాటా అడగాలి? 2020 డిసెంబరు నుంచి పేద స్త్రీల పేరిట ఇచ్చిన ఇంటి పట్టా గ్రామాల్లో సెంటున్నర. అది అవసరమే, కాదనను. కానీ బతుకుతెరువు కాదు.

కూలి దగ్గరా ఇదే తంతు. 1976 నాటి సమాన వేతన చట్టం ఒకే తరహా పనికి ఒకే వేతనం అన్నది. చిక్కంతో కాయ దించడం మగపని, ఏరి తట్టకెత్తడం ఆడపని అని విడదీస్తే చట్టం చేతులు కట్టుకుని నిలబడుతుంది.

తెలంగాణ 2014లో దళిత స్త్రీల పేరిట మూడెకరాల సాగుభూమి ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అది కొద్దిమందికే అందింది. 2021లో దళితబంధు రావడంతో దృష్టి నగదు వైపు మళ్లింది. ఆంధ్రప్రదేశ్ ఆ పథకాన్ని వదిలేసిన చోటు నుంచి అందుకోవాలి, సెంట్లలో కాదు, ఎకరాల్లో.