లేఖకదోషమును పాపమనవచ్చునా?

జ్వరము వచ్చినవానిని మనము వైద్యునియొద్దకు పంపుదుము. క్యాన్సరు వచ్చినవారిని ముందుగా బోనులో నిలుపుదుము. వాదులు చుట్టములు, సాక్షులు ఇరుగుపొరుగువారు. "ఏ జన్మమున ఏ పాపము చేసెనో" యనునది తీర్పు. రొమ్మున గడ్డ తగిలిన ఇల్లాలు ఈ తీర్పునకు వెఱచి, కూతురి పెండ్లిసంబంధము చెడునని భయపడి, నెలలకొలది నోరు మెదపదు. బయటపడిన పిమ్మట ఆమె కంచము, చెంబు వేఱుచేయుదురు. చికిత్సకు లొంగదగిన కాలమంతయు ఈ దాపఱికములోనే కడచిపోవును. అట్టివారిని చంపునది రోగమొక్కటియే కాదనియు, మన నోటిమాటకును అందు పాలుగలదనియు మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

మేము నివసించు కాప్రాలో ఈ మాటలు నేటికిని వినబడుచున్నవి. ఇచ్చటికి అయిదాఱు మైళ్ల దూరమున, ఉప్పలు బాటపై హబ్సిగూడలో, 1977లో నెలకొన్న సీసీఎంబీ యను పరిశోధనాలయము కలదు. కణముల మర్మములను శోధించుటయే దాని పని. అట్టి విద్యాస్థానము పొరుగున నుండగా, కణములు చేసిన పొరపాటునకు మనము పూర్వజన్మమును వెదకుట సిగ్గుచేటు కాదా?

ఆ పొరపాటెట్టిదో వినుడు. మన దేహము ఒక్క కణమునుండి పెరిగినది. అది రెండై, రెండు నాలుగై, నేటికిని చర్మమునందును ప్రేగులందును ఎముకల మూలుగయందును విభజనము నిలువక సాగుచున్నది. విభజనకు ముందు కణము తన 46 క్రోమోజోములలోని గ్రంథమునంతయు, అనగా సుమారు 600 కోట్ల అక్షరములను, ప్రతి వ్రాసికొనవలయును. తాళపత్రములు చదివినవారికి లేఖకుల సంగతి తెలియును. ఎంతటి పండితుడు వ్రాసినను ఒకచోట అక్షరము జాఱును; ఒకచోట పంక్తి రెండుమాఱులు పడును; ఒకచోట ఆకులే తాఱుమాఱగును. కణమునందును అంతే. తప్పులు దిద్దు ప్రోటీనులున్నను కొన్ని నిలిచిపోవును. పంపకమునందును తప్పు జరుగును: ఒక పిల్లకణమునకు 47, రెండవదానికి 45 క్రోమోజోములు ముట్టవచ్చును. ఇట్టి తప్పు పంపకములే దుష్టవ్రణములకు మూలమై యుండునని జర్మను శాస్త్రజ్ఞుడు బోవెరి 1914లోనే సూచించెను.

సాధారణముగా ఒక్క తప్పుతో క్యాన్సరు పుట్టదు. చెడిన కణమును ఆపుటకో, నశింపజేయుటకో పీ53 వంటి కావలి ప్రోటీనులు కలవు. ఏండ్లు గడచినకొలది ఒకే వంశపు కణములలో తప్పుపై తప్పు చేరి, ఆ కావలియు చెడిననాడు కణములు అదుపుతప్పి పెరుగును. వార్ధక్యమున ఈ వ్యాధి హెచ్చుటకు ఇదియొక ముఖ్యకారణము. ఇందు పాపమెక్కడ? పసివానికి రక్తక్యాన్సరు వచ్చినపుడు వాని నేరమేమి? కనబడు కారణమును విడిచి కనబడని జన్మమును పట్టుకొనుట ఏ తర్కము?

శాస్త్రము శాస్త్రమని కేకలువేయువారు సుశ్రుతసంహితలోని అర్బుదప్రకరణమునైనను చదువుదురుగాక. వాతాదిదోషములు మాంసమును చెఱచుటచే అర్బుదము పుట్టునని అందున్నది. ఆ నిదానము నేడు నిలువదు. కాని కారణమును దేహమునందే వెదకిన ఆ బుద్ధి నిలుచును.

"అట్లయిన ఇది తలవ్రాతయే కదా" యని కొందఱు చేతులు ముడుచుకొందురు. అదియు తప్పే. క్యాన్సరు కణములలోని మార్పులలో సుమారు మూడింట రెండు పాళ్లు ప్రతి వ్రాయుటలో యాదృచ్ఛికముగా దొరలిన తప్పులేయని తోమసెట్టి, వోగెల్‌స్టైను అను శాస్త్రజ్ఞులు 2017లో గణించిరి. కాని వ్యాధికి పలుతప్పులు కూడవలయును గదా! అందొకదానిని తప్పించినను వ్యాధి తప్పవచ్చును. పొగాకు కాల్చుట లేఖకుని చేయి కుదుపుట వంటిది. ఉత్తరాంధ్ర తీరమున స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డచుట్టవలన అంగిట పుట్టు క్యాన్సరును గూర్చి వైద్యులు 1957లోనే వ్రాసిరి. గర్భాశయముఖ క్యాన్సరునకు మూలమైన హెచ్‌పీవీ వైరసు పీ53 కావలినే కూల్చును. ఆ వైరసు సోకకుండ టీకా కలదు. కూతురి పెండ్లికై బంగారము కూర్చు తండ్రి ఈ టీకా మాట ఏల తలపడు? ఇక కంచములు వేఱుచేయువారికొక మాట: క్యాన్సరు అన్నము పంచుకొన్నందున అంటదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ వ్యాధిని పాపమనుకొనలేదు. అమెరికాలో ఆయన నడపిన పరిశోధకబృందము, కణము ప్రతి వ్రాసికొనుటకు వలయు సిరానే ఎండగట్టు మందులను సృజించెను. అందొకటియగు అమినోప్టెరినుతో సిడ్నీ ఫార్బరను వైద్యుడు బాలుర రక్తక్యాన్సరును తాత్కాలికముగా తగ్గించి, ఆ సంగతి 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. తెలుగువాని బుద్ధి ఇంతదూరము పోగా, తెలుగింటి నాలుక ఇంకను కర్మవిపాకము చెప్పుచునే యుండవలయునా?

గృహస్థులారా! మీ యింట ఎవరికైన గడ్డగాని, మానని పుండుగాని, అకారణ రక్తస్రావముగాని కనబడినచో ఆ వారమే వైద్యునికి చూపుడు. ధనము లేదని వెనుదీయకుడు. హైదరాబాదు రెడ్‌హిల్సులో 1955లో వెలసిన ప్రభుత్వ క్యాన్సరు వైద్యాలయము కలదు. తల్లితో, భార్యతో, కూతురితో ఈ వ్యాధి పేరును బాహాటముగా పలుకుడు. ప్రతిలో తప్పు దొరలినచో పండితుడు గ్రంథమును వెలివేయడు, దిద్దును. మనుష్యునియెడల మనకు ఆపాటి మర్యాదయైన ఉండవలదా?